మాంటెగో బే: గోడ చాటు భద్రత

2018 జనవరి 18న జమైకా ప్రధాని ఆండ్రూ హోల్నెస్ సెయింట్ జేమ్స్ పారిష్‌లో అత్యయిక పరిస్థితి ప్రకటించారు. పారిష్ అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగం. దాని ముఖ్య పట్టణం మాంటెగో బే, కరీబియన్ తీర విహారానికి ప్రపంచమంతటా పేరున్న ఊరు. రాత్రికి రాత్రి కూడళ్లలో సైనికులు కాపలాకు దిగారు, వాహనాలు ఆపి సోదాలు మొదలుపెట్టారు. ఉత్తర అమెరికాను మంచు కప్పేసే జనవరిలోనే అక్కడి హోటళ్లు కిటకిటలాడతాయి. సరిగ్గా ఆ సమయంలో బ్రిటన్, కెనడా ప్రభుత్వాలు తమ పౌరులకు ఒకటే మాట చెప్పాయి: హోటల్ ఆవరణ దాటి వెళ్లవద్దు.

అంతకు ముందటి ఏడాది, 2017లో, ఆ ఒక్క పారిష్‌లోనే 335 మంది హత్యకు గురయ్యారు. అక్కడి జనాభా రెండు లక్షలకు లోపే. అంతటి నిష్పత్తి ప్రపంచంలో చాలా అరుదుగా కనిపిస్తుంది. చనిపోయినవాళ్లు దాదాపు అందరూ స్థానికులే, వాళ్లలోనూ ఎక్కువమంది పేటల్లో పెరిగిన కుర్రాళ్లు. అదే ఏడాది విమానాశ్రయంలో దిగిన లక్షలాది పర్యాటకుల్లో దాదాపు అందరూ మాత్రం ఎండలో సేదదీరి, ఈతకొట్టి, క్షేమంగా ఇళ్లకు వెళ్లిపోయారు. కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఇంత నెత్తురు పారుతున్నా పర్యాటకుడికి అది తగలకపోవడం ఎలా సాధ్యమైంది? ఆ రక్షణకు ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు? అది ఎంతకాలం నిలుస్తుంది? కరీబియన్ తీరంలో పర్యాటకుల భద్రత గురించి నిజాయితీగా మాట్లాడాలంటే ఈ ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి.

ముందుగా అంకెలు చూద్దాం. దాదాపు 28 లక్షల జనాభా ఉన్న జమైకాలో 2022లో 1,500కు చేరువగా హత్యలు జరిగాయి. లక్ష మందికి 50కి పైనే అన్నమాట. భారతదేశంలో ఈ లెక్క మూడుకు మించదు. అయినా 2023లో ఆ దీవికి విమానాల్లోనూ క్రూజ్ ఓడల్లోనూ కలిపి 40 లక్షల మందికి పైగా వచ్చారు. అమెరికా విదేశాంగ శాఖ 2024 జనవరిలో ‘ప్రయాణాన్ని పునరాలోచించుకోండి’ అనే మూడో స్థాయి హెచ్చరికను మళ్లీ జారీ చేసినప్పుడు జమైకా పర్యాటక వర్గాలు ఇచ్చిన జవాబు ఒక్కటే: సందర్శకులపై జరిగే నేరాలు 0.01 శాతం మాత్రమే.

ఆ అంకెను కొట్టిపారేయనక్కర్లేదు, అలాగని దానితో సరిపెట్టుకోవడమూ కుదరదు. 40 లక్షల మందిలో 0.01 శాతమంటే 400 మంది. వాళ్లలో చాలామందికి జరిగింది పర్సు పోవడమో, గదిలో ఫోన్ మాయం కావడమో అయ్యుండవచ్చు. కొందరికి జరిగింది జీవితాంతం వెంటాడే హింస. పైగా ఇది పోలీసు పుస్తకంలోకి ఎక్కిన నేరాల లెక్క. వారం రోజుల సెలవుకు వచ్చి, ఎల్లుండి విమానం ఎక్కాల్సిన మనిషి తెలియని ఊళ్లో పోలీసు స్టేషన్ మెట్లెక్కి ఫిర్యాదు రాయించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అలా మిగిలిపోయిన నేరాలు ఏ శాతంలోకీ రావు.

పరిశోధకులు ఈ విషయాన్ని చాలాకాలం క్రితమే తవ్వి చూశారు. క్లాస్ డి అల్బుకర్కీ, జెరోమ్ మెక్‌ఎల్‌రాయ్ అనే ఇద్దరు పండితులు బార్బడోస్ పోలీసు గణాంకాలను పరిశీలించి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. హత్య, దాడి వంటి హింసాత్మక నేరాలకు స్థానికులే ఎక్కువగా బలవుతున్నారనీ, దొంగతనాలూ దోపిడీలూ మాత్రం పర్యాటకులకు ఎక్కువగా ఎదురవుతున్నాయనీ వాళ్లు తేల్చారు. పాతికేళ్లు దాటినా కరీబియన్‌లో చాలాచోట్ల ఈ చిత్రం పెద్దగా మారలేదు. 2024 డిసెంబరులో కరీబియన్‌లోని ఒక సూపర్ మార్కెట్‌పై దోపిడీ దొంగలు జరిపిన కాల్పుల్లో తమిళనాడు నుంచి పొట్టకూటికి వెళ్లిన యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. విహారానికి వచ్చిన విదేశీయుడి చుట్టూ ఉన్న రక్షణ, పనికోసం వచ్చి ఊళ్లో బతికే విదేశీయుడి చుట్టూ లేదు. 

విహారానికి వచ్చినవాళ్ల చుట్టూ ఉన్న ఆ రక్షణకు ఒక చరిత్ర ఉంది. 1970ల్లో జమైకా రాజకీయం తుపాకీ పట్టుకుంది. రెండు పెద్ద పార్టీలు పేటలను పంచుకుని ముఠాలను పోషించాయి. 1976లో అత్యయిక పరిస్థితి వచ్చింది. 1980 ఎన్నికల ఏడాదిలో 800 మందికి పైగా చనిపోయారు. ఆ వార్తలకు బెదిరి పర్యాటకులు మొహం చాటేశారు. అప్పుడు హోటల్ యజమానులు ఒక ఉపాయం వెతికారు: గది, భోజనం, మద్యం, ఆటలు, సముద్రం అన్నీ ఒకే ధరలో, ఒకే ప్రహరీ లోపల. 1981లో మాంటెగో బేలో బుచ్ స్టీవర్ట్ ప్రారంభించిన శాండల్స్ హోటల్ ఈ ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ పద్ధతికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. తర్వాత స్పానిష్ హోటల్ సంస్థలు వందల గదుల భారీ భవనాలతో అదే బాటలో నడిచాయి. 

వ్యాపారంగా చూస్తే అది ఘన విజయం. భయపడుతున్న అతిథికి భద్రత దొరికింది, దేశానికి డాలర్లు వచ్చాయి, వేలమందికి ఉద్యోగాలు దొరికాయి. కాదనలేం. అయితే గోడ లోపలే అన్నీ దొరికాక అతిథి బయటికి రావలసిన పని లేకపోయింది. ఊళ్లోని చిన్న హోటళ్లు, టాక్సీ డ్రైవర్లు, చెక్క బొమ్మలు చెక్కి అమ్ముకునేవాళ్లు బేరాలు లేక చితికిపోయారు. ఎప్పుడో ఒకసారి బయట కనిపించిన పర్యాటకుడి వెంట పదిమంది పడటం మొదలైంది. ఆ వెంటపడటం చూసి అతిథులు మరింత బెదిరారు. హోటల్ వాళ్లు ‘బయట జాగ్రత్త’ అని మరింత గట్టిగా చెప్పారు. బయటి వీధులు ఇంకా ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం ఈ చిక్కుముడిని విప్పడానికి పర్యాటక ప్రాంతాల్లో ప్రత్యేక రక్షకులను నియమించింది, వేధింపులకు జరిమానాలు విధించింది. కానీ బేరం లేక వెంటపడేవాడి కడుపు జరిమానాతో నిండదు కదా.

సముద్రం సంగతి ఇంకా బాధాకరం. వలస పాలన కాలంలో, 1956లో, చేసిన తీర నియంత్రణ చట్టం ప్రకారం తీరపు అలల అంచు, సముద్రగర్భం రాజ్యం సొత్తు. ఆ తీరంలో స్నానం చేసే హక్కు సాధారణ పౌరుడికి తనంతట తానుగా లేదు. లైసెన్సు పొందిన హోటల్ తన ముందున్న ఇసుక చుట్టూ కంచె వేసుకోవచ్చు. స్వతంత్రం వచ్చి ఆరు దశాబ్దాలు దాటినా ఆ చట్టం నిలిచే ఉంది. తరతరాలుగా చేపలు పట్టిన రేవుల్లోకి వెళ్లడానికి స్థానికులు కోర్టు మెట్లెక్కవలసి వస్తోంది. ‘జమైకా బీచ్ బర్త్‌రైట్’ ఉద్యమకారులు ఈ అన్యాయంపై ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు. తన ఊరి సముద్రంలో కాళ్లు తడుపుకోవడానికి వీల్లేని పిల్లవాడికి, ఆ సముద్రం కోసం వచ్చే అతిథిని కాపాడవలసిన బాధ్యత తనదని ఎలా అనిపిస్తుంది?

గోడ ఆపలేని నేరం ఒకటుంది. దాని గురించి పర్యాటక ప్రకటనలు ఎన్నడూ మాట్లాడవు. 2018 సెప్టెంబరులో మాంటెగో బేలోని ఒక పెద్ద హోటల్‌లో ఇద్దరు అమెరికన్ మహిళల గదిలోకి తుపాకీతో చొరబడి అత్యాచారం చేసిన వ్యక్తి అదే హోటల్ ఉద్యోగి. ఆ తర్వాత డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక లోతుగా దర్యాప్తు చేసింది. 2011 నుంచి 2017 వరకు ఏడేళ్లలో జమైకాలో 78 మంది అమెరికన్లు అత్యాచారానికి గురయ్యారని అమెరికా విదేశాంగ శాఖ లెక్కలే చెబుతున్నట్టు ఆ పత్రిక బయటపెట్టింది. లైంగిక దాడులు ఆల్ ఇన్‌క్లూజివ్ హోటళ్లలో కూడా జరుగుతున్నాయని విదేశాంగ శాఖ తన సూచనల్లో తేటతెల్లంగా రాస్తోంది. 

ఈ నేరాల్లో గోడ బాధితురాలికి అడ్డుగా మారుతుంది. దాడి చేసినవాడు లోపలివాడైతే ప్రహరీ, కాపలాదారు, అతిథి చేతికి కట్టిన రంగు పట్టీ ఏవీ పనికిరావు. ఫిర్యాదును ముందుగా అందుకునేది పోలీసులు కాదు, హోటల్ మేనేజర్. ఆయన మొదటి చింత సంస్థ పేరు. బాధితురాలు దేశం విడిచి వెళ్లాక కేసు నడవడం మరింత కష్టం. వీడియో ద్వారా సాక్ష్యం చెప్పేందుకు వీలు కల్పించే చట్టాన్ని జమైకా 2012లోనే చేసుకుంది. విదేశీ బాధితులందరికీ ఆ సౌకర్యం మామూలుగా, అడగకుండానే అందేలా చూడటం ప్రభుత్వం చేతిలోని పనే.

ఇక్కడ ఒక పోలిక తప్పనిసరి. అమెరికా 2010లో క్రూజ్ ఓడల భద్రతా చట్టం చేసింది. ఓడలో హత్య, అదృశ్యం, లైంగిక దాడి, భారీ దొంగతనం వంటివి జరిగితే కంపెనీ ఎఫ్‌బీఐకి తెలపాలి. ఏ కంపెనీ ఓడల్లో ఎన్ని నేరాలు జరిగాయో ప్రభుత్వం ప్రజల ముందు పెడుతుంది. గది తలుపుకు బయట ఎవరున్నారో చూసే కన్నం, అత్యాచార బాధితులకు వైద్య పరీక్ష చేయగల సిబ్బంది ఉండాలని కూడా ఆ చట్టం చెబుతుంది. ఓడలో ప్రయాణించే మనిషికి ఉన్న ఈ సమాచార హక్కు, అదే ఓడ ఆగిన రేవు పక్కన హోటల్‌లో దిగిన మనిషికి లేదు. ఏ హోటల్‌లో ఎన్ని దాడులు జరిగాయో చెప్పే బహిరంగ పట్టిక లేదు. 

సమాచారం దాచితే ఆ ఖాళీని పుకార్లు ఆక్రమిస్తాయి. 2019లో డొమినికన్ రిపబ్లిక్‌లో కొందరు అమెరికన్ పర్యాటకులు హోటల్ గదుల్లో చనిపోయినప్పుడు కల్తీ మద్యమే కారణమని ప్రచారం పాకింది. టీవీ చానళ్లు వారాల తరబడి అదే చర్చ నడిపాయి, బుకింగులు రద్దయ్యాయి. చివరికి ఎఫ్‌బీఐ జరిపిన విష పరీక్షల్లో కల్తీ మద్యం ఆనవాళ్లు దొరకలేదు, అవి సహజ మరణాలేనని స్థానిక అధికారులు చెప్పిన మాట నిలిచింది. అప్పటికే హోటల్ కార్మికులు, డ్రైవర్లు ఒక సీజన్ ఆదాయం పోగొట్టుకున్నారు. 2005లో అరుబాలో అలబామా విద్యార్థిని ఒకరు అదృశ్యమైనప్పుడు దర్యాప్తు నత్తనడక నడవడంతో, ఆ రాష్ట్ర గవర్నర్ బాబ్ రైలీ ఏకంగా ఆ దీవిని బహిష్కరించాలని పిలుపునిచ్చారు. 1972లో సెయింట్ క్రోయ్ దీవిలోని గోల్ఫ్ క్లబ్‌లో ముసుగు దుండగులు ఎనిమిది మందిని కాల్చి చంపారు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి అక్కడి పర్యాటకానికి చాలా ఏళ్లు పట్టింది. మూడు సంఘటనల్లో నిజాలు వేరువేరు. కానీ తెరిచి చెప్పే వ్యవస్థ లేనప్పుడు అసలైన ప్రమాదానికీ ఊహించుకున్న ప్రమాదానికీ ఆ దీవులు ఒకే ధర చెల్లించాయి.

మాంటెగో బే పేటల్లో ఇంత హింస ఎందుకు పుట్టింది? విమానాశ్రయం గోడకు ఆనుకునే ఫ్లాంకర్ అనే పేట ఉంది. నార్వుడ్, కాంటర్‌బరీ, మౌంట్ సేలం వంటివి హోటళ్లకు పనివాళ్లను పంపే పేటలు. తీరం వెంట ఉద్యోగాలు పెరిగినప్పుడు దేశం నలుమూలల నుంచి జనం వలస వచ్చారు, వాళ్లకు ఇళ్లు ఎవరూ కట్టలేదు. పట్టాలేని కొండవాలు పాకల్లో తరాలు గడిచాయి. హోటల్ గదులు ఊడ్చే తల్లి రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరేది ఆ ఇరుకు సందుల్లోంచే. తర్వాత లాటరీ మోసాలు వచ్చాయి. అమెరికాలోని వృద్ధులకు ఫోన్ చేసి ‘మీకు లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టండి’ అని నమ్మించి లక్షల డాలర్లు గుంజిన ముఠాలకు మాంటెగో బే కేంద్రమైంది. ఆ ఫోన్ నంబర్ల జాబితాల కోసం, డబ్బు వాటాల కోసం ముఠాలు ఒకరినొకరు చంపుకున్నాయి. 2013లో ప్రత్యేక చట్టం వచ్చేనాటికే ఆ డబ్బు తుపాకులుగా మారిపోయింది.

ఆ తుపాకులు జమైకాలో తయారయ్యేవి కావు. కరీబియన్ దేశాల్లో నేరస్థుల నుంచి పట్టుకుని, ఎక్కడివో కనిపెట్టడానికి పంపిన ఆయుధాల్లో 73 శాతం అమెరికా నుంచే వచ్చాయని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2018 నుంచి 2022 వరకు లెక్కలు చూసి చెప్పింది. పౌరులకు హెచ్చరిక జారీ చేసే దేశమూ, పెట్టెల్లో సామాన్ల మధ్య దాచిన తుపాకులు బయల్దేరే దేశమూ ఒకటే. 2023లో కరీబియన్ దేశాధినేతలు నేరాన్ని ప్రజారోగ్య సమస్యగా ప్రకటించి, అమెరికాను ఆయుధాల రవాణా అరికట్టమని కోరారు. ప్రయాణ హెచ్చరికల స్థాయి పెంచడం, తగ్గించడం చేసే అమెరికా, ఓడరేవుల్లో తన వైపు తనిఖీలు పెంచితే అక్కడికి వెళ్లే తన పౌరులకే ఎక్కువ మేలు జరుగుతుంది.

2018 నాటి అత్యయిక పరిస్థితి ఫలించిందా? అంకెల్లో ఫలించింది. ఆ ఏడాది సెయింట్ జేమ్స్‌లో హత్యలు దాదాపు మూడింట ఒక వంతుకు పడిపోయాయి. అయితే 2019 జనవరిలో దాన్ని ఎత్తివేశాక హింస మళ్లీ తలెత్తింది, ఏప్రిల్‌లో పొరుగు పారిష్‌లను కూడా కలిపి మరోసారి ప్రకటించాల్సి వచ్చింది. ఈలోగా వందలాది యువకులు అభియోగాలు లేకుండానే నిర్బంధంలో గడిపారు. అలా నెలల తరబడి బందీలైన ఐదుగురి విషయంలో ఆ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని జమైకా సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పేటల్లో నమ్మకం పోగొట్టుకున్న పోలీసు వ్యవస్థకు సాక్షులు దొరకరు. సాక్షులు దొరకని చోట పర్యాటకుడిపై జరిగిన నేరం కూడా తేలదు.

ఇటీవలి కాలంలో శుభవార్త కూడా ఉంది. దేశవ్యాప్తంగా హత్యలు 2024లో 1,150 ప్రాంతానికి, 2025లో 700 లోపుకు దిగాయి. మూడు దశాబ్దాల్లో ఇదే కనిష్ఠం. 2025 మేలో అమెరికా తన హెచ్చరికను రెండో స్థాయికి తగ్గించింది. ముఠా నాయకులపై నిఘా, అక్రమ డబ్బుపై దర్యాప్తు, పోలీసు శాఖ ఆధునికీకరణ ఇందుకు తోడ్పడ్డాయి. దీన్ని తక్కువ చేయకూడదు. కానీ అదే కాలంలో పోలీసు కాల్పుల్లో చనిపోయినవారి సంఖ్య 2024లో 189కి, 2025లో 300 పైకి చేరిందని పోలీసులపై విచారణ జరిపే స్వతంత్ర కమిషన్ లెక్కలు చెబుతున్నాయి. పోలీసు ఒంటికి కెమెరా తప్పనిసరి చేయమని కమిషన్, పౌర సంఘాలు అడుగుతున్నాయి. ఆ డిమాండ్ న్యాయమైనది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కరీబియన్ ఇప్పుడు దూరపు పేరు కాదు. వేసవి, శీతాకాల సెలవుల్లో మాంటెగో బే, పుంటా కానా, క్రూజ్ ప్రయాణాలు వాళ్ల క్యాలెండర్లోకి చేరాయి. కాలేజీ పిల్లలు వసంత సెలవులకు గుంపులుగా వెళుతున్నారు. వెళ్లవద్దని చెప్పడం సమంజసం కాదు, అవసరమూ లేదు. తెలుసుకుని వెళ్లాలి. జమైకాలో ఎర్ర నంబరు పలక ఉన్న వాహనమే లైసెన్సు ఉన్న టాక్సీ. పోలీసులకు 119, అంబులెన్సుకు 110. మాంటెగో బే పెద్దాసుపత్రి కార్న్‌వాల్ రీజనల్ 2017లో విషవాయువుల సమస్యతో పాక్షికంగా మూతపడి, మరమ్మతుల్లో ఏళ్లు గడిపింది కాబట్టి అత్యవసర వైద్య తరలింపు ఖర్చు భరించే బీమా విలాసం కాదు. కరీబియన్ తీరాల్లో చాలాచోట్ల ప్రాణరక్షకులు ఉండరు, ఎర్ర జెండా ఎగిరినప్పుడు నీళ్లలో దిగితే మద్యం మత్తులో ఉన్న ఈతగాడికి అలలే మొదటి శత్రువు. స్నేహితుల్లో ఒకరు కనిపించకపోతే ‘వచ్చేస్తారులే’ అనుకోకుండా ఆ గంటలోనే హోటల్‌కూ పోలీసులకూ చెప్పాలి. పిల్లలను పంపే తల్లిదండ్రులు టికెట్ ధరతో పాటు ఈ మాటలన్నీ ముందే మాట్లాడుకోవాలి. 

అతిథి జాగ్రత్త అతిథికి ఉండాల్సిందే. కానీ భద్రత బాధ్యతంతా అతిథి మీదే వేసి, ‘గోడ దాటకండి’ అనడంతో ప్రభుత్వం, హోటల్ సంస్థలు చేతులు దులుపుకోవడం తగదు. 2025 అక్టోబరు 28న ఐదో స్థాయి తీవ్రతతో విరుచుకుపడిన మెలిస్సా తుపాను పశ్చిమ జమైకాను అతలాకుతలం చేసింది. హోటళ్లు దెబ్బతిన్నాయి, వేలాది కార్మికులు జీతాలు కోల్పోయారు. ఇప్పుడు ఆ తీరం మళ్లీ కట్టుకుంటోంది. హోటల్ గదుల మరమ్మతుకు అనుమతులిచ్చే ప్రభుత్వమే కొన్ని షరతులు పెట్టాలి. లైసెన్సు కొనసాగాలంటే ప్రతి హోటల్ తన ఆవరణలో జరిగిన తీవ్ర నేరాలను ఏటా బహిరంగంగా ప్రకటించాలి. లైంగిక దాడి ఫిర్యాదు మేనేజర్ దగ్గర ఆగకుండా నేరుగా పోలీసులకు, వైద్యులకు చేరే ఏర్పాటు ఉండాలి. సిబ్బంది నియామకంలో పూర్వాపరాల తనిఖీ జరగాలి. 1956 చట్టం స్థానంలో తీరంపై ప్రజల హక్కును గుర్తించే కొత్త చట్టం రావాలి. హోటళ్లకు పనివాళ్లను పంపే పేటల్లో ఇళ్ల పట్టాలు, వీధి దీపాలు, రాత్రి బస్సులు పర్యాటక బడ్జెట్‌లోంచే రావాలి.

ఇవన్నీ జమైకాకు అలవికాని పనులు కావు. పర్యాటకుల నుంచి వసూలు చేసే రుసుముతో నడిచే నిధి ఒకటి ఇప్పటికే ఆ దేశంలో ఉంది. ఆ డబ్బులో కొంత భాగాన్ని ఫ్లాంకర్, నార్వుడ్ వంటి పేటల భద్రతకు కేటాయించి, ఎంత ఖర్చయిందో ఏటా పార్లమెంటుకు చెప్పే నియమం పెడితే, రాత్రి పని ముగించుకుని ఇంటికి నడిచే హోటల్ కార్మికురాలూ, ఆమె శుభ్రం చేసిన గదిలో నిద్రించే అతిథీ ఇద్దరూ ఆ లెక్కలోకి వస్తారు.